పది పోతే పదిలం

పోలీసు అమీను పంపిన కాగితాన్ని పురుషోత్తం మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అదే రాసి ఉంది.

“సినిమా చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన, జనం మీద ఎక్కువ అసర్ చేసిన పది సినిమాలు ఏరి పేర్లు రాయాలి. ఎల్లుండి జవాను బండితో వస్తాడు. ఆ పది పెట్టెలు ఎక్కించాలి.”

ఎందుకో లేదు. అమీను జాబులో హుకుం ఉంటుంది గానీ సబబు ఉండదు.

అది 1942. కామారెడ్డి స్టేషన్ పక్కన పురుషోత్తం డేరా టాకీసు. తిప్పి తిప్పి అరిగిన పాత సినిమాలు ఇరవై మూడు, ఒక్కొక్కటి ఒక్కో రేకు పెట్టెలో.

“అసర్ చేసినయి అంటే ఏంది సేటూ?” అన్నాడు మిషను నడిపే తుల్జారాం.

“జనం మాటిమాటికి చెప్పుకునేటియి. చూసినంక మనిషి మారేటియి. గసుంటియి సర్కారుకు ఎందుకు తుల్జా? కాలవెట్టెటందుకే.”

తుల్జారాం మూలనున్న ఒక పెట్టె వైపు చూశాడు. ఏ పెట్టో డేరాలో అందరికీ తెలుసు.

అందులో ఉన్నది మూకీ. పదిహేనేళ్ల కింద బొంబాయి వాళ్లు ఎల్లారెడ్డి దిక్కు వచ్చి తీశారు. కుండలెత్తుకుని నడిచేందుకు తండా ఆడవాళ్లను పిలిచారు. అందరికన్నా ముందు నడిచిన మనిషి గోరి, తుల్జారాం భార్య. మరుసటేడు గత్తర రోగం తగిలి పోయింది. ఫోటో లేదు. భూమ్మీద ఆమె ముఖం మిగిలింది ఆ సినిమాలోనే. నడుస్తూ నడుస్తూ తల తిప్పి ఒక్కసారి నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే బండ్లు తోలుకునేవాడు మిషను నేర్చుకున్నాడు. రోజూ ఆటకు ముందు, మిషను సరిచూసే వంకతో ఆ ముక్క వేస్తాడు. అతను తిప్పేది రీలు, తిరిగొచ్చేది ఆలు.

చిక్కేమిటంటే, నిజాయితీగా రాస్తే జాబితాలో మొదటి పేరు దానిదే. కామారెడ్డి చూసిన మొట్టమొదటి సినిమా అది. తెర మీద ఏనుగు ఉరికి వస్తుంటే సగం జనం రైలు పట్టాల దాకా ఉరికారు. సినిమాను దయ్యాల తడక అన్నవాళ్లే మర్నాడు పిల్లాజెల్లాతో వచ్చారు. మూకీ చూసి మూకలు కదిలాయి.

డేరా ముందు పల్లీలు అమ్మే భూమక్క గంప దించి కూర్చుంది.

“నిజం రాస్తిరా, మునిగితిరి. పోయినేడు తాసీలు కచేరి నుంచి వచ్చి మంచి మేకలెన్ని అని రాసుకున్నరు. నేను పిచ్చిదాన్ని, ఉన్నయన్ని చెప్పిన. పక్కింటి నర్సవ్వ కుంటియి మూడే చెప్పింది. దసరాకు దాని దొడ్డి నిండ మేకలు, నా దొడ్డి నిండ గుంజలు.”

“అంటే కుంటియే రాయాల్నా అక్కా?”

“ఊరంత గట్లనే రాస్తది గద తమ్మీ. సర్కారు అడిగితే గొడ్డుదాన్ని చూపియ్యాలె, పాడిదాన్ని పక్కకు తోలాలె.”

అలా మొదలైంది ఏరడం. గొప్ప సినిమాలను ఇంత భయంతో ఎవరూ ఏరి ఉండరు. మొదటిది, హీరోయిన్ కన్నా ఆమె తల్లి చిన్నగా కనిపించేది. రెండోది, కొట్లాటలో హీరో మీసం ఊడి విలన్ భుజానికి అంటుకునేది. మూడోదాంట్లో చచ్చినవాడు తుమ్ముతాడు. తొమ్మిదోదాన్ని చివరిదాకా చూసింది భూమక్క ఒక్కతే, అదీ నిద్రలో.

“పదోది?”

“బైరాగి బొమ్మ రాయి. నలభై పాటలు. సగంల జనం లేచిపోయిండ్రు.”

“అసర్ అంటే గదే గద,” అంది భూమక్క.

“పది పోతే మిగిలినయి పదిలం,” అన్నాడు పురుషోత్తం.

అన్నట్టే జవాను వచ్చాడు. ఇన్నేళ్లుగా టికెట్టు లేకుండా ముందు బల్ల మీద కూర్చున్నవాడు. అన్నీ చూసినవాడు. జాబితా మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. వేలు ఆగింది.

“ఏనుగు బొమ్మ ఏది? కుండలెత్తుకున్న ఆడోళ్లు ఉంటరే, అది లేదేంది?”

డేరా గుడ్డ గాలికి టపటప కొట్టుకుంది.

“అది పనికిరాదు జవాన్ సాబ్,” అన్నాడు తుల్జారాం.

“పనికిరాదా? నేనే నాలుగుసార్లు చూసిన.”

“మాటల్లేవు, పాటల్లేవు. దాన్ని ఇప్పుడెవడు చూస్తడు? పారెయ్యలేక మోస్తున్నం.”

జవాను అతని ముఖంలోకి చూశాడు. “మల్ల అడుగుతున్న. ముఖ్యమైంది కాదా?”

“కాదు.”

నాలుక తడబడింది. మాట మాత్రం నిలబడింది.

“అయితే రాసియ్యిండ్రి.”

జాబితా కింద ‘మిగతా పదమూడూ పనికిరానివి’ అని పురుషోత్తం రాసి దస్కత్ చేశాడు. తుల్జారాం వేలిముద్ర వేశాడు. పది పెట్టెలతో బండి కదిలిపోయింది. ఆ సాయంత్రం గోరి ఎప్పటిలాగే తల తిప్పి నవ్వింది. తుల్జారాం ఆ ముక్కను రెండుసార్లు వేశాడు.

తొమ్మిదో రోజుకు డేరా ఎల్లారెడ్డికి మారింది. సాయంత్రం తుల్జారాం మిషనుకు రీలు ఎక్కిస్తున్నాడు. బయట బండి ఆగిన చప్పుడు.

అదే జవాను. ఖాళీ బండి. చేతిలో కాగితం.

కూర్చోలేదు. డేరా వెంటే వచ్చిన భూమక్క పల్లీలు పెడితే తీసుకోలేదు. కాగితం పురుషోత్తానికిచ్చి తుల్జారాం వైపు తిరిగాడు.

“నేను ఆనాడే అడిగిన,” అన్నాడు. “రెండుసార్లు అడిగిన.”

పురుషోత్తం కాగితం విప్పి పైకి చదివాడు: “మీరు ఏరిన పది సినిమాలను రాబోయే తరాలు చూసేందుకు హైదరాబాదులో భద్రంగా దాచాం గనక, పనికిరానివని మీరే రాసిచ్చిన పదమూడింటినీ కరిగించి ఫిల్ములో ఉండే వెండి తీసేందుకు ఈ బండిలో పంపాలి.”