మైనపు పళ్లు

"అయిదింటిలోగా వస్తాననో రాననో మెయిల్ పెట్టాలి. వస్తానంటే వారంలో అక్కడుండాలి. నువ్వేమో ఇంకా పళ్లు పేర్చుకుంటూ కూర్చున్నావు," అని స్నేహితురాలు చెవిలో పోరింది.

పళ్లు పేరుస్తున్న అమ్మాయి దంతవైద్యం మూడో ఏడు చదువుతోంది. మిగతా చదువు తమ దగ్గర పూర్తి చేసుకోమని విదేశీ యూనివర్సిటీ ఒకటి సీటిచ్చింది. ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన సీటు. ఇంట్లోవాళ్లూ సరేనన్నారు. అడ్డమల్లా ఎదురుగా కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న ముసలాయనే. నోట్లో పన్నొక్కటీ లేదు. ఆమె చేత కట్టుడు పళ్లు చేయించుకోడానికి నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం కాలేజీ ఆసుపత్రికి వస్తున్నాడు. మైనం మీద పేర్చిన పళ్లు ఇవాళ నోట్లో పెట్టి చూసింది. ఇంకో మూడు వారాల పని మిగిలింది.

"నేను వెళ్లిపోతే మిమ్మల్ని కొత్త బ్యాచ్‌కి ఇచ్చేస్తారు తాతగారూ. వాళ్లు మళ్లీ కొలతల దగ్గర్నుంచి మొదలెడతారు."

"మొదలెట్టనీ. నాకేం తొందర?" అన్నాడాయన నిమ్మళంగా. "రెండేళ్లుగా జావ తాగి బతకడం లేదూ? నువ్వెళ్లు డాక్టరమ్మా."

ఆమె మనసు చివుక్కుమంది. నాలుగు తిట్టినా బాగుండేది.

"పోనీ, ఆలస్యమవుతుందని మీ ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి చెప్పనా?"

"వాళ్లకా? నేను నోరు తెరిస్తే చాలు, మూసుకోమంటారు. తెరవమనేది నువ్వొక్కదానివే."

పక్క కుర్చీల దగ్గరున్న వాళ్లు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆయన చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయాక పనిముట్లు కడిగి పెట్టింది. ఎన్నిసార్లు చెయ్యి కడుక్కున్నా జావ మాటే చెవిలో గింగురుమంటోంది. అయిదుకు పది నిమిషాలుందనగా రాలేనని మెయిల్ పెట్టేసింది.

"నోటిదాకా వచ్చిన ముద్ద జారవిడుచుకున్నావు కదే," అని స్నేహితురాలు తల కొట్టుకుంది.

బాధ లేకపోలేదు. అయినా ఆమెకు ఏదో బరువు దిగినట్టే ఉంది. ఆ మాట ముసలాయనకు ముందు చెప్పాలనిపించి, కోటైనా విప్పకుండా బస్టాపుకి పరుగెత్తింది.

బస్సింకా రాలేదు. బెంచీ చివర కూర్చుని ఆయన ఆపిల్ పండు కరకర కొరుక్కు తింటున్నాడు. పైన, కింద తెల్లగా, వరుసగా పళ్లు.

ఆమెను చూసి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవి పోయినేడు నీలాంటి అబ్బాయే చేసిపెట్టాడమ్మా," అన్నాడు తల వంచుకుని. "అంతకు ముందు సెట్టు ఇంట్లో ఉంది. పళ్లున్నాయంటే మరి మంగళవారం నేనెక్కడికి పోను, చెప్పు?"