దిష్టి కళ్ళు

ఆ మనిషి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

నారిన్ ఊరి ఆడవాళ్ళ స్నానశాల ఆవిరిలో జూరకన్ మొదట పట్టించుకోలేదు. కానీ ఆ చూపు తన కోడలు నుర్జాదా ఎడమ రొమ్ము మీదే ఆగిపోయింది. నుర్జాదా చంటిపిల్ల తల్లి. ఆ రొమ్ము ఎర్రగా వాచింది. పాలు గడ్డకట్టాయని జూరకన్ రోజూ గొర్రె తోక కొవ్వు రాసి, క్యాబేజీ ఆకు కడుతోంది.

అందరూ బట్టలు విప్పిన చోట ఆ మనిషి ఒక్కతే మెడదాకా దుప్పటి చుట్టుకుని కూర్చుంది. ఊరికి కొత్త. ఎవరి తాలూకో ఎవరికీ తెలీదు.

లేచి దగ్గరికొచ్చింది.

"అక్కా, నీ కోడలికి జ్వరముందా?"

"లేదు. నీకెందుకు?"

"జ్వరం లేకుండా ఇంత ఎరుపా? ఇది పాలగడ్డలా లేదు. చర్మం చూడు, కమలా తొక్కలా గుంటలు పడింది. రేపే బిష్కెక్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యమను."

జూరకన్‌కు ఒళ్ళు మండింది.

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

"అయితే నీ దిష్టి కళ్ళు అవతల పెట్టుకో. నీ ఒళ్ళు దాచుకుని పరాయి పిల్లల ఒళ్ళు చూస్తావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె దుప్పటి బిగించుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళగానే జూరకన్ దిష్టి తీసే అర్చ చెట్టు కొమ్మ కాల్చి కోడలి చుట్టూ ముమ్మారు పొగ తిప్పింది. దిష్టి పోయిందనుకుంది. వాపు మాత్రం పోలేదు.

నెల తిరిగేసరికి చంకలో గడ్డలు తేలాయి. కొడుకు పట్టుబట్టి భార్యను బిష్కెక్ తీసుకెళ్ళాడు. ఒక ఉదయం ఫోన్ చేశాడు. అరుదైన రకం కేన్సరట. రొమ్ములో గడ్డేమీ చేతికి తగలదట. కణాలు చర్మంలోని సన్నని నాళాలను పూడ్చేస్తాయట, అందుకే బాలింత వాపులా కనబడుతుందట.

"నెల ముందు తెచ్చుంటే బావుండేదన్నారమ్మా."

జూరకన్ ఫోన్ పెట్టేసింది. కొవ్వు వాసన ఇంకా వేళ్ళకే ఉంది. ఎలాగైనా ఆ స్నానశాల మనిషిని వెతికి కాళ్ళు పట్టుకోవాలనుకుంది.

అంతలో పక్క వీధి నుంచి కబురొచ్చింది. అద్దెకుంటున్న ఒంటరి ఆడమనిషి పోయిందట. అయినవాళ్ళు లేని శవానికి స్నానం వీధి పెద్దలే చేయించాలి. ఆ పెద్దల్లో జూరకన్ ఒకతె. కన్నీళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

"వారం వారం స్నానశాలకెళ్ళేది పాపం," అంది ఇంటావిడ నీళ్ళు తెస్తూ. "జుట్టయినా తడవకుండా తిరిగొచ్చేది. ఎందుకెళ్ళేదో మరి."

జూరకన్ ముఖం మీది గుడ్డ తీసింది. ఆ కళ్ళు ఇప్పుడు మూసుకుని ఉన్నాయి.

దుప్పటి కిందికి లాగితే, ఒక పక్క రొమ్ము ఉండాల్సిన చోట పాత కుట్ల గీత ఉంది, రెండో పక్క చర్మమంతా కమలా తొక్కలా గుంటలు పడి ఉంది.