ఆది జాకెట్

“నా ఆది రైక జర ఇయ్యి బిడ్డా,” అంది అవ్వ, పరదా పక్కకు జరిపి.

మిషన్ మీద కోమల కాలు ఆగిపోయింది.

వారం కిందటి దాకా ఆ రైక రోజూ అవ్వ చేతిలోనే ఉండేది. కొత్త జాకెట్ కుట్టేటప్పుడు కొలత చూసుకొమ్మని ఇచ్చే పాత జాకెట్ అది. కొలతకు జాకెట్ తెచ్చేది గానీ, కుట్టమని కొత్త గుడ్డ మాత్రం ఒక్కనాడూ తెచ్చింది లేదు. పొద్దున పదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి, సరిగ్గా అన్నం వేళకు మరోసారి వచ్చేది.

“గీ కొలతకే కుట్టాలె. కుడి చెయ్యి జర పొడుగుంటది. సరి చెయ్యకు, గట్లనే ఉండాలె. నా బిడ్డ కుట్టింది గిది.”

చెప్పిందే చెప్పేది. మెట్‌పల్లి బజారులో దర్జీలకు కరువా? అవ్వకు మాత్రం కోమల మిషనే కావాలి.

మొదట్లో కోమల నవ్వుతూ కొలత తీసుకున్నట్టు టేపు పట్టేది. తర్వాత తల ఊపేది. ఆ తర్వాత తల కూడా ఎత్తడం మానేసింది.

అంతలో మహిళా సంఘం నుంచి మమతారాణి వచ్చి, కరీంనగర్‌లో ప్రదర్శన ఉందనీ, యాభై మసిబట్టలు కుట్టి ఇవ్వమనీ అడిగింది. వేడి గిన్నెలు దించుకునే గుడ్డలే. కాకపోతే రంగురంగుల ముక్కలు అతికి, నాలుగు పొరలు పేర్చి, బొంత కుట్టు వేసి, చుట్టూ అంచు కట్టాలి. మిషన్ కింద రెండు గోనె సంచుల నిండా కత్తిరింపు ముక్కలు మూలుగుతున్నాయి. వాటికి ఇన్నాళ్లకు మోక్షం దొరికిందని కోమల సంబరపడింది.

నలభై తొమ్మిది అయ్యాయి. యాభయ్యోదానికి అడుగు పొర తక్కువైంది. పట్టు ముక్కలున్నాయి, నైలాన్ ముక్కలున్నాయి. వేడికి ఆగే నూలు గుడ్డే లేదు. మమతారాణి ఆటో ఎక్కానని ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే అవ్వ నాలుగోసారి వచ్చింది. “గీ కొలతకే బిడ్డా…” అంటూ రైకను మిషన్ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ.

ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆ పని చేసేదాన్ని కాదని కోమల తర్వాత తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధం. ఆలోచించింది. రేపటి నుంచి ఈ పోరు ఉండదని ఆలోచించే కత్తెర అందుకుంది.

తీరా కుట్టాక ఆ ఒక్కటి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ముక్క సరిపోలేదని చెప్పి నలభై తొమ్మిదే పంపింది.

మర్నాడు అవ్వ రానే వచ్చింది. “నా ఆది రైక ఇయ్యి.”

“నిన్ననే ఇచ్చిన గద అవ్వా. పెట్టెల చూసుకో.”

అవ్వ ముఖం చిన్నబోయింది. “ఇచ్చినవా? గట్లనా? నాకే యాదికి లేదు కావచ్చు.”

పొద్దున ఏం తిన్నదో మధ్యాహ్నానికి మరిచిపోయే మనిషి, ఆ రైకను మాత్రం మరవలేదు. రోజూ అడిగింది. రోజూ కోమల అదే అబద్ధం చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అవ్వ నమ్మింది. అదే కోమలను కాల్చుకు తింటోంది.

ఇవాళ పొద్దున ఎదురింటి జమున చీరకు ఫాల్ కుట్టించుకుందామని వచ్చి, చీర పక్కన పెట్టి కూర్చుంది. “ఐలవ్వ అరుగు మీద పెట్టె బోర్లిచ్చి కూసున్నది అక్కా. నా తలకాయ ఖరాబైంది, నా తలకాయ ఖరాబైందని నెత్తి కొట్టుకుంటున్నది. నేను గూడ ఎతికిన. దొరకలే.”

కోమల అన్నం గిన్నె దించడానికి లేచి, వంటగదిలో దాచిన ఆ మసిబట్టను తీసింది. పట్టుకోలేక మళ్లీ అక్కడే పెట్టేసి, కొంగుతో దించి చెయ్యి కాల్చుకుంది. రైక తీసుకున్నది చాలక, ముసలి మనిషికి తన మతి మీద మిగిలిన ఆ కాస్త నమ్మకం కూడా తీసేసుకుంది. ఇంత పాపం చేసి, ముద్ద ఎట్లా దిగుతుంది?

ఇప్పుడు అవ్వ పరదా పట్టుకుని నిలబడే ఉంది. “లేదంటవా? ఇచ్చిన అంటవా? పోనీ తియ్యి, మల్ల ఎతుకుత.”

“ఎతకకు అవ్వా!”

కోమల లోపలికి వెళ్లి మసిబట్ట తెచ్చింది. అవ్వ చేతిలో పెట్టి, కాళ్ల దగ్గర కూలబడింది.

“నీ తలకాయ ఖరాబు కాలే. నేనే అబద్ధం చెప్పిన. నీ రైక నేనే కత్తిరిచ్చిన. తెలిసే కత్తిరిచ్చిన అవ్వా.”

అవ్వ మసిబట్టను తిప్పి తిప్పి చూసింది. అంచు పక్కన బయటికి కనబడుతున్న పాత కుట్టు మీద బొటనవేలు ఆనించింది. ఆ కుట్టు కాస్త వంకరపోయి, మళ్లీ దారికొచ్చింది. అవ్వ ముఖం విచ్చుకుంది.

“గిదే. కుడి చెయ్యి. నా బిడ్డ ఫస్టు కుట్టిన రైక గిది. ముక్కలు పారెయ్యలే కద, ఇంక పరేషాన్ ఎందుకు?”

కోమలకు ఏడుపు ఆగలేదు. అవ్వ వంగి, కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“గీ ముచ్చట మా కోమలకు మాత్రం నువ్వు చెప్పకు బిడ్డా, బడికెల్లి వచ్చినంక నేనే నిమ్మళంగ చెప్త.”