అతికిన ఎముక

“ఇది రొట్టెల ఫెర్మిన్ పెట్టేనామ్మా?”

“అవును. మా నాన్నని కూలికి తోమించం. వెళ్ళండి తాతా.”

నెల్సి తలెత్తకుండానే జవాబిచ్చింది.

ముసలాయన వెళ్ళలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

పోమూచ్ అనే ఈ ఊళ్ళో పోయినవాళ్ళ ఎముకల్ని ఏడాదికోసారి శుభ్రం చేయడం ఆనవాయితీ. అక్టోబరు చివర్లో ఊరంతా శ్మశానంలోనే ఉంటుంది. ఎముకలు దాచిన చెక్కపెట్టెలు దింపి, వాటి మీది దుమ్ము కుంచెతో దులిపి, పూలు కుట్టిన కొత్త గుడ్డలో మళ్ళీ సర్దుతారు. పెద్దల పండగనాడు ఇంటికి భోజనానికి రావాల్సినవాళ్ళు మాసిన బట్టలతో వస్తారా మరి!

తీరికలేనివాళ్ళు ఆ పని కూలికిస్తారు. పరాయి చెయ్యి పడితే నాన్న నొచ్చుకుని ఈసారి ఇంటికి రాడేమోనని నెల్సి భయం. ఇన్నాళ్ళూ మేనత్త బసిలియా చేసేది. ఈ ఏడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెల్లగా వస్తానంది. నెల్సి ఒంటరిగా పెట్టె తెరవడం ఇదే మొదలు.

“నాన్నా, ఇటు తిరుగు” అంటూ చేతి ఎముక తీసింది. “అబ్బో, కుడి చెయ్యి చూడు! ఎడమదానికంటే ఎంత లావో. పిండి పిసికీ పిసికీ ఎముక కూడా ఒళ్ళు చేసింది.”

ఎముకని రాయిలాంటిది అనుకుంటాం గానీ, మనిషి బతికున్నంతకాలం అదీ బతికే ఉంటుంది. అరుగుతుంది, మళ్ళీ కట్టుకుంటుంది, ఎటు బరువు పడితే అటు గట్టిపడుతుంది. అంతటి పనిమంతురాలు ఒంట్లో ఉన్నా మనకి పట్టదు. పోమూచ్ ఆడవాళ్ళకి మాత్రం వేళ్ళతో తడిమితే తెలిసిపోతుంది.

కాలి ఎముక దగ్గర నెల్సి చెయ్యి ఆగింది. మోకాలి కిందిది. నడుమ వెదురు కణుపులా లావెక్కి ఉంది.

“ఇదేంటి నాన్నా? నీ కాలెప్పుడు విరిగింది?”

“తొమ్మిదేళ్ళప్పుడు” అన్నాడు ముసలాయన.

నెల్సి ఉలిక్కిపడి చూసింది.

“మీకెలా తెలుసు? డాక్టరా మీరు?”

“కాదమ్మా. లారీ నడిపేవాణ్ణి.”

“లారీ నడిపేవాళ్ళకి ఎముకలతో ఏం పని?”

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

“దాన్ని ఒక్కసారి నా చేతికిస్తావా? చూసి ఇచ్చేస్తాను.”

నెల్సి గబుక్కున ఎముకని గుండెకి హత్తుకుంది.

“కూలివాళ్ళంతా ఇలాగే మొదలెడతారు. ముందు ఒక్క ఎముక అంటారు, తర్వాత పెట్టంతా మీ ముందే ఉంటుంది. అయినా మీరు మాకేమవుతారని ఇవ్వాలి?”

ముసలాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏమీ కానమ్మా” అన్నాడు. “పోనీ, నువ్వే చూసి చెప్పు. బాగా అతికిందా? వంకరేమైనా ఉందా?”

ఎంత చిరాకులో ఉన్నా, తండ్రి మాట వస్తే నెల్సి ఊరుకోలేదు.

“వంకరా! చూడండి, ఎంత తిన్నగా ఉందో. పిండి బస్తాలు మోసింది ఈ కాలే. పండగల్లో నెత్తిమీద సీసాల పళ్ళెం పెట్టుకుని ఆడేవాడు మా నాన్న. ఒక్క సీసా పడనిచ్చేవాడు కాదు.”

“సీసాలతోనా?”

“నిండు సీసాలతో!”

ముసలాయన మొహం వెలిగిపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

“చాలమ్మా. నేను వచ్చిన పని అయిపోయింది” అని టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

కాసేపటికి బసిలియా కొవ్వొత్తులు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. “ఏం అన్నయ్యా, నీ కూతురు సరిగ్గా తోముతోందా, లేక గీరుతోందా?” అని పెట్టెని పలకరించింది.

“నేను బాగానే తోముతున్నా అత్తా. కూలి ముసలాయనొకడు ఒకటే విసిగించాడు. నాన్న కాలు తొమ్మిదేళ్ళప్పుడు విరిగిందట! తనేమో లారీ నడిపేవాడట!”

బసిలియా చేతిలోంచి కొవ్వొత్తులు జారిపడ్డాయి.

“అయ్యో, ఎవరిస్తో గారే! పరిగెత్తవే! ఆయన్ని ఆపు!”

నెల్సి పరిగెత్తింది. గేటు దాటేసరికి ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరుగుతోంది. కేక వేసింది. బస్సు ఆగలేదు.

రొప్పుతూ వెనక్కి వచ్చింది.

“ఎవరత్తా ఆయన?”

బసిలియా కాలి ఎముకని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“అన్నయ్య కాలు విరిగి చీము పట్టింది. మెరిదా పట్నం డాక్టర్లు బెత్తెడు ఎముక కోసి పారేశారు. ఇంకో మనిషి ఎముక ముక్క మధ్యలో పెడితేనే నడుస్తాడన్నారు. తీగ కర్రని పట్టుకుని పాకినట్టు, పిల్లాడి ఎముక దాన్ని పట్టుకుని పెరుగుతుందట. మా అమ్మ తనది తీసుకోమంది. ఆవిడకి క్షయ, పనికిరాదన్నారు.”

“మరి?”

“దారిలో మమ్మల్ని లారీ ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చిన కుర్రాడు ఇంకా వరండాలోనే కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మాకు ఎవరిస్తో అన్న పేరు తప్ప ఆయన గురించి ఏమీ తెలీదు. పిల్లాడికి మాత్రం ఎప్పుడూ చెప్పొద్దన్నాడు. ఒకడికి రుణపడ్డానని తలొంచుకుని పెరగకూడదట.”

నెల్సి గేటు వైపు తిరిగి చూసింది.

“పరాయి చెయ్యి పడకూడదని గుండెకి హత్తుకున్నావు కదే,” అంది బసిలియా ఆ లావెక్కిన చోట నిమురుతూ, “ఇక్కడ పెట్టింది ఆయన కాలి ఎముకే తల్లీ.”