పెరిగిన గాజులు

ఆ గాజులామె తనంతట తానే వచ్చిందా, ఎవరైనా పంపితే వచ్చిందా?

ఎనిమిదేళ్లుగా తిరుపాలమ్మకు తీరని అనుమానం ఇది. స్వామి ముందు చేతులు జోడించినా మొదట ఇదే మనసులో మెదులుతుంది.

అది ఎండాకాలం, శనివారం. గండి ఆంజనేయస్వామి పటానికి దీపం పెట్టి, చెంబుతో నీళ్లు పట్టుకొని బయటికొచ్చింది. వాకిట్లో గాజుల మలారం దించుకొని ఒక ముసలామె నిలబడి ఉంది.

"గాజులేం వద్దులే, పో."

"అమ్మేకి రాలేదమ్మా. నా పేరు గులాబ్‌బీ. పొద్దుటూరు నుంచి వస్తాండా. అత్తగారింట్లో మీ పాప అర్చనకు గాజులేసేది నేనే."

తిరుపాలమ్మ మొహం విప్పారింది. "బాగుండాదా నా బిడ్డ?"

"ఈ నెల్లో మూడు తూర్లు ఏసినా. ఏసినవి ఏసినట్టే పగులుతాండాయమ్మా."

ఆ మాటకు తిరుపాలమ్మ ఒళ్లు మండిపోయింది. కట్టుకున్నవాడు బతికుండగా ఆడదాని గాజులు పగలవు, 'పెరుగుతాయి'. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"ముత్తైదువ గాజుల్ని ఎవరన్నా ఆ మాటంటారా? పెరిగినాయనల్ల! గాజులమ్ముకునేదానివి, నీకు నేను చెప్పల్లనా?"

"తెలుసు తల్లీ. అయినా పగులుతాండాయనే చెప్తాండా. ఒక్కసారి వచ్చి చూసుకోండి."

"దీపం పెట్టిన పూట నా వాకిట్లో ఏం నోరే నీది! నడువు ముందు!"

"పోతాలేమ్మా. గుక్కెడు నీళ్లియ్యి."

ఇవ్వలేదు. అశుభం పోవాలని ఆ చెంబెడు నీళ్లూ ఆమె నిలబడిన చోట కుమ్మరించింది.

మరునాడు ఫోన్ చేస్తే "బాగుండామ్మా" అనింది అర్చన. ఆ మాట నమ్మడమే సులభంగా ఉండింది.

నాలుగు నెలలకు అర్చన ఆసుపత్రి నుంచి నేరుగా జమ్మలమడుగుకు, పుట్టింటికి వచ్చేసింది. మొగుడు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి ఇక వినపడదన్నారు.

తండ్రి నారాయణ బజార్లో కూర్చోవడం మానేశాడు. బిడ్డ సంగతి ఎవరడుగుతారోనని చేలోనే పొద్దు గడిపేవాడు. కొడుకు యశ్వంత్‌కు సంబంధాలు వాకిలి దాకా వచ్చి మళ్లిపోయాయి. ఇంట్లో గిన్నె కింద పడితే, ఉలిక్కిపడిందేమోనని అందరూ ముందు అర్చన మొహం చూస్తారు.

"ముందుగా ఒక్కరన్నా ఒక మాట చెప్పింటే, పోయి పిల్చుకొచ్చుకుందుము గదా" అంటాడు నారాయణ, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా.

తిరుపాలమ్మ లేచి వంటింట్లోకి పోతుంది.

మొన్న శ్రావణంలో అర్చన ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

"పొద్దుటూరులో గాజుల గులాబ్‌బీ పోయిందంటమ్మా. పోయొస్తా."

"ఎవురామె?" అనింది తిరుపాలమ్మ, తెలియనట్టు.

"నీకు తెలీదులే. నువ్వు ఫోన్ చేస్తే నా మొగుడు పక్కనే కూర్చొని మాట్లాడిచ్చేవాడు. అందుకే ఒకసారి ఆమెను నీ దగ్గరికి పంపినా. 'పెరిగినాయంటే మాయమ్మ మామూలే అనుకుంటాది, పగిలినాయనే చెప్పు' అన్నా. 'నలభై ఏండ్లుగా ఆ మాట నా నోట్లోంచి రాలేదు మే' అనింది. మళ్లా, 'నీకోసం అంటాలే' అనింది."

అనుమానం తీరింది.

"తిరిగొచ్చి... ఏం చెప్పింది?"

"ఏం చెప్తాది? మనింటికి తాళమేసి ఉన్నిందంట. అంత ఎండలో అంత దూరం పోతే గుక్కెడు నీళ్లు గూడా దొరకలేదని నవ్విందమ్మా."

తిరుపాలమ్మ చెంబు నిండా నీళ్లు పట్టి, మూతికి గుడ్డ కట్టి, బిడ్డతో పాటు బస్సెక్కింది.

"పొద్దుటూర్లో నీళ్లు దొరకవా ఏంది?" అనింది అర్చన.

తిరుపాలమ్మ చెంబును ఒళ్లోకి తీసుకుంది.

ఖబరస్తాన్ గేటు దగ్గర గులాబ్‌బీ కొడుకు నూరుల్లా ఎదురొచ్చాడు.

"మా ఆడోళ్లు లోపలికి రారు పెద్దమ్మా. ఇట్లియ్యండి, అమ్మ గోరీ మీద నేను పోస్తా."

పచ్చిమట్టిలో నీళ్లు ఇంకిపోవడం గేటు కమ్ముల్లోంచి చూసింది తిరుపాలమ్మ. ఖాళీ చెంబు చేతికి వచ్చాక, బిడ్డ కుడి చెవి వైపుకు జరిగింది.

"ఆ పొద్దు మనింటికి తాళం వెయ్యలేదు పాపా. నేనింట్లోనే ఉంటి."