ఖాకీ ప్యాంటు

"వచ్చే నెలాఖరుతో మీ పాలసీ అయిపోతుందమ్మా. రిటైరైనవాళ్ల పాలసీని మీ బట్టల కంపెనీ ఎత్తేసింది," అంది ఇన్సూరెన్స్ కౌంటర్లో అమ్మాయి.

"పోతే పోనీ. కొత్తది ఇవ్వు," అంది టైలరమ్మ.

"ఇస్తాం. కానీ మీ గుండె వాల్వు జబ్బు పాతది కదా. దానికి మూడేళ్ల దాకా ఏమీ రాదు."

వాల్వు మార్చకపోతే ఏడాది గడవడం కష్టమని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కి వంతు వచ్చేది మూడు నెలల తర్వాతే. ఉన్న ఒక్క గదినీ కుట్టుమిషన్నీ అమ్మినా ఆపరేషన్ ఖర్చులో సగానికి రాదు. టైలరమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"ఇంకో దారి చెప్పు తల్లీ. దారి లేదని మాత్రం అనకు."

"ఉద్యోగుల గ్రూపు పాలసీ ఒకటుంటుంది. అందులో పాత జబ్బులకైనా మొదటి రోజు నుంచే వస్తుంది. భార్యనో భర్తనో చేర్చుకోవచ్చు. మీవారికి ఉందా?"

"ఆయన పోయి చాలా కాలమైంది."

"అయితే ఇంకొకరిని చూసుకోవాలి మరి," అనేసి అమ్మాయి నాలుక్కరుచుకుంది.

టైలరమ్మ నవ్వలేదు, నొచ్చుకోలేదు. గుడ్డ మీద సుద్దగీత పడ్డాక కత్తెర వెయ్యడమే ఆమెకి తెలుసు. తిన్నగా వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది.

పక్కింట్లో ఉండేది రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనకీ ముందూ వెనకా ఎవరూ లేరు. వారానికోసారి గుండీ ఊడిన చొక్కా పట్టుకుని ఆమె గడప ఎక్కుతాడు. ఒకే చొక్కాకి అన్నిసార్లు గుండీలెలా ఊడతాయో టైలరమ్మకి అంతుబట్టేది కాదు. తన కుట్టు మీద తనకే అనుమానం వచ్చి ఈమధ్య దారం రెండు పేటలు వేస్తోంది.

"డ్రైవర్ గారూ, నా పాలసీ పోతోంది. మీకు కంపెనీ పాలసీ ఉంది. అందులో భార్యని చేరుస్తారట. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆయన చేతిలోని గ్లాసు అక్కడే ఆగిపోయింది. "అది కాదండీ, ఆ పాలసీ సంగతి..."

"సంగతులన్నీ తర్వాత. అడిగినదానికి చెప్పండి. అవునా, కాదా?"

"అవును," అన్నాడాయన, ఎర్రలైటు దగ్గర బ్రేకు వేసినట్టు.

రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చారు. ఆ మర్నాడే ఆయన ఒక పాత ఖాకీ ప్యాంటు తెచ్చి ఆమె మిషను మీద పెట్టాడు.

"నడుం దగ్గర కాస్త లూజు చెయ్యాలండీ."

"పెళ్ళికి ఖాకీ ఏమిటండీ, నలుగురూ నవ్వుతారు."

"నాకు అచ్చొచ్చిన బట్టలండీ. కాదనకండి."

పెళ్ళికొడుకు ముచ్చట తీర్చాలి కదా అనుకుని టైలరమ్మ కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డంతా వదిలి మళ్లీ కుట్టింది. చెప్పినట్టే ఆయన ఆ ఖాకీలోనే వచ్చి సంతకం పెట్టాడు. సాక్షులు నవ్వనే నవ్వారు. పాలసీ ముగియడానికి ఇంకా వారముంది. ఊపిరి అందకపోయినా ఆగకుండా, ఆయన్ని వెంటబెట్టుకుని టైలరమ్మ తిన్నగా అదే కౌంటరుకి వెళ్లింది.

"భర్తని తెచ్చాను. ఇక రాసుకో."

అమ్మాయి తెల్లబోయి, తేరుకుని, ఆయన కంపెనీ పేరు కంప్యూటర్లో కొట్టింది. దాని వంక చూస్తూ మొహం చిన్నబుచ్చుకుంది.

"వీళ్లు కూడా రిటైరైనవాళ్ల పాలసీ ఎత్తేశారమ్మా. పోయినేడాదే."

టైలరమ్మ కంప్యూటరు వైపు ఓసారి చూసింది. భర్త వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నన్ను చేసుకున్నారా?"

"చెప్పబోతే ఆపింది మీరే. మీరడిగింది పెళ్ళి గురించి, దానికే అవునన్నాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్కటీ ఆడలేదు."

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పాలసీ ఉన్న కొద్ది రోజుల్లో ముప్పాతిక ఈ మనిషి మీద పోగొట్టుకుంది. సంచీ తీసుకుని లేచింది. "దారి ఇవ్వండి. ఇంకో ఆఫీసు చూసుకోవాలి."

ఆయన లేవలేదు. ఖాకీ జేబులోంచి ఒక కొత్త కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. "పాత కంపెనీని వదిలెయ్యమ్మా. ఇది చూడు."

అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు కొట్టింది. ఆమె మొహం విప్పారింది.

"ఇది నడుస్తున్న ఉద్యోగుల పాలసీయేనమ్మా. భార్యకి ఈ రోజు నుంచే వస్తుంది. వాల్వుకి కూడా."

టైలరమ్మ సంచీ కింద పెట్టింది. ఈ వయసులో ఈయనకి కొత్త పాలసీ ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాక ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

ఆయన సిగ్గుపడుతూ ప్యాంటు పైకి లాక్కున్నాడు.

"నడుం దగ్గర ఇంకో వేలెడు లూజు చెయ్యాల్సిందండీ. పొద్దున్న స్కూలు బస్సు క్లచ్ తొక్కుతుంటే పట్టేసింది."