ఎల్లిపోనాది

కంట్రోల్ టవర్‌లో రూబెన్‌కు డ్యూటీ అప్పగిస్తూ ఢిల్లేశు, "రన్‌వే మీద జీపు ఎల్లిపోతాది," అన్నాడు. ఇక వెళ్తుందని అతని ఉద్దేశం. రూబెన్‌కు "ఎల్లిపోనాది" అని, అంటే అప్పటికే వెళ్లిపోయిందని, వినిపించింది. విమానాన్ని దిగమన్నాడు.

జీపు అక్కడే ఉంది. పైలట్ చూసుకుని విమానాన్ని మళ్లీ పైకి లేపాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

కంట్రోల్ టవర్‌లో ఇంగ్లీషులోనే చెప్పుకోవాలని నియమం. కానీ ఒకరిది పలాస, ఒకరిది టెక్కలి. ఇంటి మాటే నోట్లోకి వచ్చేది.

"రిపోర్టు రాసీమంటావేటి, బావా?" అన్నాడు రూబెన్.

"రాసీ. ఒప్పుకున్నోళ్లకి శిక్ష నేదని మీటింగులో సెప్పినారు గదేటి. రేపు ఇంకెవులికీ ఇలగ అవకూడదు."

రూబెన్ ఉన్నదున్నట్టు రాశాడు. అధికారులు మెచ్చుకున్నారు. తెలుగులో మొదలుపెట్టింది ఢిల్లేశే కనుక అతణ్ణి టవర్ నుంచి తీసి స్టోర్సుకు మార్చారు. శిక్ష కాదు, ముందుజాగ్రత్త అన్నారు.

ఢిల్లేశు స్థానంలో వచ్చిన అమ్మాయి ఒకరోజు ఎదురెదురుగా వస్తున్న రెండు విమానాలను ఒకే ఎత్తులో ఎగరమంది. ఆఖరి క్షణంలో సర్దుకుంది. "రిపోర్టు రాయాలా సార్?" అంది.

"ఏటి రాస్తావు? నానేటీ సూడనేదు," అన్నాడు రూబెన్.

ఏడాది చివర అధికారులు టవర్‌లో కేకు కోయించారు. ఒక్క తప్పూ జరగని టవర్ అట.